గోయిడర్ గీతకు అటూ ఇటూ

అడిలైడ్ విమానాశ్రయంలో దిగగానే చేతి గడియారాన్ని నాలుగు గంటలు ముందుకు తిప్పాను. సరిగ్గా నాలుగు. సిడ్నీకో మెల్‌బోర్న్‌కో వెళ్ళినవాళ్ళు నాలుగున్నర తిప్పుకోవాలి. దక్షిణ ఆస్ట్రేలియా మాత్రం మన దేశంలాగే గ్రీనిచ్ లెక్కకు ఒక అరగంట తగిలించుకుంది. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఈ తేడా ఐదు గంటలవుతుంది, కానీ మేము వెళ్ళింది సెప్టెంబరులో. అనంతపురం జిల్లాలో ముప్పై నాలుగేళ్ళు పంట రుణాలు రాసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి లెక్కలు తేలితేనే నాకు కాలు కుదురుగా నిలుస్తుంది.

మా అమ్మాయి, అల్లుడు నాలుగేళ్ళుగా అక్కడే ఉంటున్నారు. "కిందటిసారిలా ఇల్లు, బీచి చూసి వెళ్ళిపోవడం కాదు నాన్నా, ఈసారి రాష్ట్రం చూపిస్తాను" అంది అమ్మాయి. మూడు వారాలు. సముద్రం, దీవి, ద్రాక్షతోటలు, కొండలు, ఎడారి అని కాగితం మీద గీసుకున్నాం. ఆగ్నేయంలో మౌంట్ గాంబియర్ దగ్గరి నీలి సరస్సును కొట్టేశాం. దాని అసలు నీలం నవంబరులో వస్తుంది, చలికాలమంతా ఉక్కు రంగులో ఉంటుందట. రంగు మారని సరస్సు కోసం రానూపోనూ దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు ఎందుకని నేనే అన్నాను.

అడిలైడ్ గురించి ఎక్కువ చెప్పను. 1836లో నేరస్థులను దింపకుండా, స్వేచ్ఛగా వలస వచ్చినవాళ్ళతో మొదలైన రాష్ట్రానికి అది రాజధాని. కర్నల్ విలియం లైట్ నగరాన్ని చదరంగపు పలకలా గీసి చుట్టూ పచ్చని తోటల వలయం వదిలాడు. ఆ వలయం నేటికీ అలాగే ఉంది. దారి తప్పడానికి ప్రయత్నించినా తప్పలేం. నగరం నడిబొడ్డున ట్రాము ఉచితం. 1869 నుంచి నడుస్తున్న సెంట్రల్ మార్కెట్టులో ఒక పూట గడిచిపోతుంది. అడిలైడ్ ఓవల్ మైదానాన్ని చూపించే యాత్ర డబ్బు పెట్టి చూడదగినది. మమ్మల్ని తిప్పిన పెద్దాయన మేము ఎక్కడివాళ్ళమో అడిగి, ద్రావిడ్, మన హైదరాబాద్ లక్ష్మణ్ కలిసి 2003లో జోడించిన 303 పరుగుల గురించి నిన్నో మొన్నో జరిగినట్టు చెప్పాడు. 2020 డిసెంబరులో మనవాళ్ళు 36 పరుగులకు కుప్పకూలింది కూడా ఆ మైదానంలోనే. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. మొదటి రోజు నీళ్ళ సీసా ఖాళీ చేసి చెత్తబుట్టలో వేయబోతే అమ్మాయి ఆపింది. ఖాళీ సీసా, డబ్బా తిరిగి ఇస్తే ఒక్కోదానికి పది సెంట్లు వస్తాయట. ఈ పద్ధతి ఈ రాష్ట్రంలో 1977 నుంచీ ఉంది. వెంటనే కారు డిక్కీలో ఒక గోనెసంచి పెట్టించాను. అమ్మాయి తల పట్టుకుంది.

మొదట కంగారూ దీవి. అడిలైడ్ నుంచి దక్షిణంగా కేప్ జర్విస్ దాకా కారులో వెళ్ళి, కారుతో సహా ఫెర్రీ ఎక్కితే ముప్పావు గంటలో పెన్నెషా చేరతాం. నక్షాలో చిన్న చుక్కలా కనిపిస్తుంది కానీ ఆ దీవి దాదాపు 4,400 చదరపు కిలోమీటర్లు. ఆ చివర నుంచి ఈ చివరకు రెండు గంటల ప్రయాణం. అక్కడ బస్సులు ఉంటాయని అనుకోవద్దు, సొంత బండి లేకపోతే కదల్లేం. నలుగురికీ, కారుకూ కలిపి ఫెర్రీ టికెట్ల ఖర్చు మా రెండు రాత్రుల గది అద్దెకు ఇంచుమించు సమానమైంది. అడిలైడ్ నుంచి తెల్లవారుజామున తీసుకెళ్ళి రాత్రికి తిరిగి దింపే ఒక రోజు యాత్రలూ ఉన్నాయి. మా అల్లుడి స్నేహితులు అలా వెళ్ళి బస్సు కిటికీని బాగా చూసి వచ్చారు.

రేవులో మొదటి దెబ్బ మా ఆవిడకు తగిలింది. దగ్గుకు మంచిదని అరకు నుంచి తెప్పించిన గిరిజన సహకార సంస్థ తేనె సీసా ఆమె సంచిలో ఉంది. విమానాశ్రయంలో చూపించి, అనుమతి పొంది మరీ తెచ్చుకున్న సీసా. దీవిలోకి బయటి తేనె తీసుకురాకూడదని అక్కడ బోర్డు. ఇటలీలోని లిగూరియా జాతి తేనెటీగలను పందొమ్మిదో శతాబ్దంలో ఈ దీవికి తెచ్చి, 1885లో దీనిని వాటి రక్షిత స్థలంగా ప్రకటించారు. బయటి తేనెతో రోగాలు రాకూడదని ఈ కట్టడి. "ఏమండీ, అరకు తేనెకు రోగమా?" అని ఆమె రుసరుసలాడింది. సీసా రేవులోనే పారేశాం. దీవిలో అదే జాతి తేనె రెండు సీసాలు కొన్నాక గానీ ఆమె ముఖం తేరుకోలేదు. బాగుంది, పలచగా, పూలవాసనతో. అరకు తేనె ఘాటు మాత్రం దానికి లేదు.

దీవిలో నాకు నచ్చినది సీల్ బే. గైడుతో ఇసుకలోకి దిగితే సముద్ర సింహాలు పడవల్లా బోర్లా పడి నిద్రపోతుంటాయి. మూడు రోజులు సముద్రంలో వేట, మూడు రోజులు ఒడ్డున నిద్ర, అదీ వాటి పంచాంగం. చెక్కబాట మీద నుంచి చూసే చౌక టికెట్టూ ఉంది, కానీ గైడు ఉన్నదే కొనండి. పడమటి కొనలో రిమార్కబుల్ రాక్స్ అనే రాళ్ళు, సముద్రం మీదికి వంగిన గ్రానైటు బండలు, ఎవరో సగం తిని వదిలేసినట్టు ఉంటాయి. వాటి మీద నారింజ రంగు లైకెన్ పాచి. అయితే అక్కడికి పోయే దారిలో చూసినదే మనసులో ఎక్కువ నిలిచింది. 2019 చివర్లో మొదలైన కార్చిచ్చుల్లో దీవిలో దాదాపు సగం కాలిపోయింది. ఇప్పటికీ మైళ్ళకొద్దీ నల్లటి మొండి కొమ్మలు పైకి లేచి ఉన్నాయి, కింద మాత్రం మనిషెత్తు పచ్చదనం. కాలిన మానుకే చుట్టూ చిగుళ్ళు మొలిచిన యూకలిప్టస్‌ను నేను అంతకుముందు చూడలేదు.

కింగ్‌స్కోట్‌లో మేము దిగిన చోట వంటగది ఉంది. అదే మాకు ముఖ్యం. మా ఆవిడ శాకాహారి. పల్లె హోటళ్ళలో ఆమెకు దొరికేది బంగాళాదుంప వేపుడు, కూరగాయల బర్గరు, మళ్ళీ బంగాళాదుంప వేపుడు. అందుకే చిన్న కుక్కరు, కందిపొడి, చింతపండు వెంట తీసుకెళ్ళాం. మొదటి రాత్రి ఆమె చారుకు ఎండుమిర్చి పోపు పెట్టగానే పైకప్పు మీది పొగ గంట ఊరు లేచిపోయేలా మోగింది. అనవసరంగా అగ్నిమాపక దళం వస్తే ఖర్చు బస చేసినవారిదేనని గోడ మీద రాసి ఉంది. అల్లుడు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే నేను కిటికీలన్నీ తెరిచాను. ఎవరూ రాలేదు. ఆ తర్వాత యాత్ర మొత్తం పోపు లేని చారే.

దీవి బాగుందా అంటే బాగుంది. పెట్టిన డబ్బుకు తగినంతా అంటే, సముద్రం చూడనివాళ్ళకు అవును. సముద్రం తెలిసినవాళ్ళు ఆ డబ్బు ఉత్తరాన ఖర్చుపెట్టడం మేలు.

బరోసా లోయకు ఒక పూట ఇచ్చాం. 1842లో జర్మన్ లూథరన్ కుటుంబాలు బెథనీ గ్రామంలో స్థిరపడిన చోటు అది. ప్రపంచమంతా ద్రాక్షతీగలను తినేసిన ఫిలాక్సెరా పురుగు ఈ రాష్ట్రంలోకి ఇంతవరకు రాలేదు, అందుకే నూట డెబ్బై ఏళ్ళు దాటిన తీగలు ఇంకా కాస్తున్నాయి. చెప్పుల మట్టితో పురుగు వస్తుందని, తీగల వరుసల్లోకి నడవవద్దని బోర్డులున్నాయి. మేమిద్దరం మద్యం ముట్టం. తాగనివాళ్ళకు అక్కడ రొట్టె, చీజు, నీడ ఉన్నాయి. పూట చాలు.

ఇక ఉత్తరం. నేను ఈ యాత్ర గురించి రాయడానికి కారణమే అది.

క్లేర్ లోయ దాటాక రెండు వైపులా ఆవాల జాతి కనోలా చేలు పసుపు దుప్పటి కప్పుకున్నాయి, వాటి పక్కన పచ్చని గోధుమ. అమ్మాయి నడుపుతోంది, నేను ముందు సీట్లో నక్షాతో. ఉన్నట్టుండి దారి పక్కన చిన్న గుర్తు: గోయిడర్ గీత. బండి ఆపమన్నాను.

జార్జ్ గోయిడర్ ఈ రాష్ట్రపు సర్వేయర్ జనరల్. 1865 కరువులో గుర్రమెక్కి వేల కిలోమీటర్లు తిరిగి నక్షా మీద ఒక గీత గీశాడు. దానికి దక్షిణాన గోధుమ వేసుకోవచ్చు, ఉత్తరాన వాన నమ్మదగింది కాదు, గొర్రెలు మేపుకోండి అన్నాడు. వాన కొలిచిన చిట్టాలు చూసి గీసినది కాదు అది. మాలీ అనే పొట్టి యూకలిప్టస్ ఎక్కడ ఆగిపోతుందో, ఉప్పుపొద అనే బూడిదరంగు పొద ఎక్కడ మొదలవుతుందో చూస్తూ పోయాడు. ఏడాదికి 250 నుంచి 300 మిల్లీమీటర్ల వాన పడే హద్దుకు ఇంచుమించు సరిపోతుంది ఆ గీత. 1870లలో నాలుగు మంచి వానలు పడేసరికి అందరూ ఆయన్ని ఎగతాళి చేశారు. నాగలి వెంటే వాన వస్తుందన్నారు. 1874లో ప్రభుత్వం గీత అవతలి భూమిని కూడా సాగుకు ఇచ్చేసింది. 1880లు మొదలయ్యాక వాన మొహం చాటేసింది, రైతులు ఇళ్ళు వదిలి వెనక్కి వచ్చారు.

నేను ఆ గుర్తు పక్కన ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, గోయిడర్ హద్దుకు రెట్టింపు. అయినా ఎన్నిసార్లు వేరుశనగ ఊడలు దిగే సమయానికి ఎండిపోయిందో నా రుణ ఖాతాలు చెబుతాయి. తేడా ఎక్కడుందో ఇక్కడ అర్థమైంది. వీళ్ళ వాన చలికాలంలో పడి నేలలో నిలుస్తుంది. మా వాన ఎండల్లో ఒక రోజు కుమ్మరించి నలభై రోజులు మాయమవుతుంది. ఒక మంచి ఏడు చూసి మరుసటి ఏడు రుణాలు రెట్టింపు చేయమని పైనుంచి లక్ష్యాలు వచ్చినప్పుడు నా దగ్గర ఇలాంటి గీత ఒకటి ఉంటే బాగుండేదనిపించింది. "నాన్నా, చీకటి పడితే కంగారూలు రోడ్డు మీదికొస్తాయి" అని అమ్మాయి హారన్ కొట్టింది. ఇది నిజంగా గుర్తుంచుకోవలసిన మాట. ఊళ్ళ బయట చీకటి పడ్డాక జరిగే ప్రమాదాలకు చాలా అద్దె కార్ల బీమా వర్తించదు, మట్టిరోడ్లకూ అంతే. సంతకం పెట్టేముందు చదవండి.

గీత అవతల రంగు మారిపోయింది. క్వార్న్, హాకర్ ఊళ్ళ మధ్య కన్యాకా అనే చోట రాతి ఇళ్ళ శిథిలాలున్నాయి. పేరు వినగానే మా ఆవిడ, "కన్యకా పరమేశ్వరి గుడి ఉందేమో" అంది. గుడి లేదు, పైకప్పులేని గోడలు, పొయ్యిగూళ్ళు, పొగగొట్టాలు. ఇది గోధుమ రైతులది కాదు, వాళ్ళకంటే ముందు వచ్చిన పశుపోషకుల స్థావరం. దీనిని మొదలుపెట్టిన హ్యూ ప్రోబీ అనే యువకుడు 1852లో చనిపోయాడు. ఎలాగంటే, వాగుకు ఉన్నట్టుండి వరద వచ్చి మునిగి! చుక్క నీటికి మొహం వాచిన ఆ నేలలో. ప్రవేశ రుసుము లేదు, కాపలా లేదు, దుకాణం లేదు. నేను మొత్తం రాష్ట్రంలో చూసినవాటిలో దీనికే మొదటి మార్కు వేస్తాను.

కొండవాలుల నిండా ఊదాపూలు. ఎంత అందమో అనుకుంటే అది పశువులకు చెరుపు చేసే కలుపు మొక్కట. పక్క రాష్ట్రాల్లో దాన్ని ప్యాటర్సన్ శాపం అంటారు, ఇక్కడ మాత్రం సాల్వేషన్ జేన్ అని ముద్దుపేరు. మనమూ పొలాలను నాశనం చేసే మొక్కకు వయ్యారిభామ అని పేరు పెట్టుకున్నవాళ్ళమే.

హాకర్ ప్రాంతంలో ఒక మోటలులో రెండు రాత్రులు. ఆఫీసు సాయంత్రం ఆరింటికే మూసేశారు, తాళంచెవి కవరులో పెట్టి గుమ్మం పక్క పెట్టెలో ఉంచారు. అది నాకు నచ్చింది. నచ్చనిది హీటరు. ఎడారి అంచున సెప్టెంబరు రాత్రి ఎముకలు కొరుకుతుంది, ఆ యంత్రం అరగంటకోసారి ఆగిపోయి ట్రాక్టరులా మళ్ళీ మొదలయ్యేది. పొద్దున్న చెబితే, "అవును, అది అంతే" అన్నారు చిరునవ్వుతో. ఊళ్ళో భోజనశాల వంటగది ఎనిమిదింటికి మూసేస్తారు, ఆలస్యమైతే పస్తే. కానీ అక్కడి వంటావిడ మా ఆవిడ ఇబ్బంది విని, జాబితాలో లేని అన్నం, కాల్చిన గుమ్మడి, పుట్టగొడుగులు కలిపి పళ్ళెం నిండా తెచ్చింది. క్వాండాంగ్ అనే అడవి పండుతో చేసిన పై కూడా తిన్నాం. పులుపు మన వాక్కాయకు దగ్గర, చక్కెర పడితే గానీ లొంగదు.

విల్పెనా పౌండ్ అంటే కొండలు గిన్నె అంచులా చుట్టూ లేచి మధ్యలో లోయ ఉన్న చోటు. చూడగానే అగ్నిపర్వతం నోరనిపిస్తుంది, కాదు. ముడతపడిన రాతిపొరలు అరిగి మిగిలిన గిన్నె అది. అక్కడి ఆదివాసులు అద్న్యమథన్హాలు, వాళ్ళ కథలో ఈ అంచు రెండు మహాసర్పాల దేహాలు. వాటిలో ఒకదాని తల 1,171 మీటర్ల సెయింట్ మేరీ శిఖరం. కొన దాకా ఎక్కవద్దని వాళ్ళ విన్నపం. దారి మూసి లేదు, విన్నపం మాత్రమే. మేము ఎక్కలేదు, అయినా నా మోకాళ్ళు అనుమతించేవి కావు. బదులుగా వాగు వెంట పెద్ద ఎర్ర యూకలిప్టస్‌ల నీడన హిల్ కుటుంబం పాత ఇంటి దాకా నడిచాం, సమతలం, పెద్దవాళ్ళకు కష్టం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గిన్నెలోపల గోధుమ పండించడానికి వచ్చిన కుటుంబం వాళ్ళది. దుంగలు పేర్చి వాగు గొంతులోంచి దారి కట్టుకున్నారు. 1914లో వరద ఆ దారిని ఎత్తుకుపోయింది, వాళ్ళూ వెళ్ళిపోయారు. గీత అవతల ఎండబెట్టి చంపనిదాన్ని ముంచి చంపడం ఆ నేలకు అలవాటులా ఉంది. మా ఆవిడ ఆ ఇంటి అరుగు మీద కూర్చుంది, నేను పైన లోయ కనిపించే మెట్ట దాకా ఎక్కి వచ్చాను. లోపలి లోయ అంతా మూతలేని పచ్చని భరిణె.

మరునాడు బ్రాచినా గండి. మట్టిరోడ్డు, రాళ్ళు, ఎత్తైన బండి ఉంటేనే వెళ్ళాలి. ప్రపంచ భూచరిత్రలో ఎడియాకరన్ అనే యుగానికి ఇక్కడి రాతిపొరనే ఆరంభంగా 2004లో ఖరారు చేశారు, దానికి గుర్తుగా కంచు బిళ్ళ కొట్టారు. అల్లుడు ఇంజనీరు, అరగంటసేపు ఆ బిళ్ళ చుట్టూ తిరిగాడు. నాకు మాత్రం ఆ గండిలో బండల మీద గంతులేసిన పసుపుకాళ్ళ వాలబీలు, అంటే చిన్న కంగారూలు, గుర్తున్నాయి, తోక మీద చారలతో.

పోర్ట్ అగస్టా నుంచి కూబర్ పీడీ దాకా దాదాపు ఐదువందల నలభై కిలోమీటర్లు. రోడ్డు తిన్నగా, బాగుంది. ఎదురొచ్చే రోడ్డు ట్రెయిన్లు, అంటే మూడు ట్రెయిలర్ల లారీలు, యాభై మీటర్ల పైన ఉంటాయి. వాటిని దాటే తొందర పనికిరాదు. గ్లెండాంబోలో పెట్రోలు నింపుకోవాలి, ఆ తర్వాత రెండు వందల యాభై కిలోమీటర్లు బంకు లేదు. ఫోను సంకేతాలు ఊళ్ళ దగ్గరే, అదీ టెల్‌స్ట్రా సిమ్ ఉన్నవాళ్ళకు. మా అల్లుడి చౌక సిమ్ పోర్ట్ అగస్టా దాటగానే మూగబోయింది.

కూబర్ పీడీలో 1915లో పద్నాలుగేళ్ళ కుర్రవాడికి ఒపాల్ రాయి దొరికింది, అప్పటి నుంచి ఊరు నేలలోపల బతుకుతోంది. వేసవిలో బయట 45 డిగ్రీలు దాటినా లోపల 23, 24 దగ్గరే ఉంటుంది. మేము దిగిన భూగర్భ గదికి కిటికీ లేదు. గులాబీ రంగు ఇసుకరాతి గోడల మీద తవ్వుడు యంత్రం పళ్ళ గీతలు వలయాలుగా కనిపిస్తాయి. దీపం ఆర్పితే కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. మా ఆవిడకు మొదట ఊపిరాడనట్టు అనిపించి తలుపు తీసిపెట్టమంది, తర్వాత తొమ్మిది గంటలు నిద్రపోయింది. ఇంత నిశ్శబ్దం ఏ ఖరీదైన హోటలూ ఇవ్వలేదు. చీకటి, ఇరుకు భయమున్నవాళ్ళు మాత్రం నేలపైన గది తీసుకోవాలి. అదే రాతిని తొలిచి కట్టిన సెర్బియన్ చర్చి తప్పక చూడండి. ఊరి చుట్టూ తవ్విపోసిన మట్టి చీమల పుట్టల్లా ఉంటుంది, పక్కనే మూతలేని గోతులు. ఫోటో కోసం చూడకుండా వెనక్కి అడుగు వేయవద్దని బోర్డుల మీద బొమ్మ గీసి మరీ చెబుతారు.

ఒపాల్ కొనేవాళ్ళకు బంగారు రుణాలిచ్చినవాడిగా ఒక మాట. మూడు రకాలు అమ్ముతారు. నిండు రాయి ఒకటి. పలచటి ఒపాల్ పొరను నల్లటి అడుగుకు అంటించినది డబ్లెట్. దాని మీద పారదర్శకమైన మూత కూడా పెడితే ట్రిప్లెట్. ముందు నుంచి చూస్తే మూడూ ఒకేలా మెరుస్తాయి, పక్క నుంచి చూస్తే అతుకు గీత కనిపిస్తుంది. ఉంగరంలో బిగించి ఉంటే పక్క కనిపించదు, కాబట్టి ఏ రకమో బిల్లు మీద రాయించుకోవాలి. ఒక దుకాణంలో రాయమంటే తటపటాయించారు, బయటికి వచ్చేశాం. పక్క వీధిలోని ముసలాయన అడగకముందే మూడూ బల్ల మీద పెట్టి భూతద్దం చేతికిచ్చాడు. ఆయన దగ్గర శనగగింజంత నిండు రాయి కొన్నాం.

తిరుగు దారిలో పోర్ట్ అగస్టా ఎడారి మొక్కల ఉద్యానంలో ఆగాం, ప్రవేశం ఉచితం. అక్కడ ఉప్పుపొదకు పేరు పలక ఉంది. ఆకు తుంచకూడదు కాబట్టి వంగి వాసన చూశాను, ఏమీ లేదు. ఆ ప్రాంతానికి నీళ్ళు మర్రీ నది నుంచి 1944లో వేసిన పైపులైనులో వస్తాయి. హంద్రీ-నీవా కాలువ కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశామో అల్లుడికి చెబుతూ ఉంటే దక్షిణాన మళ్ళీ పసుపు చేలు మొదలయ్యాయి. గుర్తు ఎప్పుడు దాటామో ఈసారి చూసుకోలేదు.

అడిలైడ్ చేరాక గోనెసంచి తీసుకుని సీసాల కేంద్రానికి వెళ్ళాం. అమ్మాయి కారులోనే కూర్చుంది. లెక్కపెట్టే కుర్రాడు పంజాబీ, చేతులు చకచకా ఆడుతున్నాయి. ముప్పై నాలుగు అన్నాడు. నా లెక్కలో ముప్పై ఆరు. ఒకటి పాల సీసా, దానికి రాదట. ఇంకొకటి దీవిలో కొని ఖాళీ చేసిన తేనె సీసా. దాన్ని నవ్వుతూ వెనక్కి ఇచ్చి, మూడు డాలర్ల నలభై సెంట్లు నా చేతిలో పెట్టాడు.